పొద్దుగూకాక ఫైనల్

దీనమ్మక్క ఏనాడూ బాస్కెట్‌బాల్ ఆట మొదలునుంచి చివరిదాకా చూడలేదు. నేల మీద ఆ బూట్ల కీచుకీచుకి ఒళ్ళు జలదరిస్తుందనేది. అలాంటి మనిషి ఆరు కాలేజీలు ఏ రోజు ఎక్కడ ఆడాలో ఆరేళ్ళపాటు నిర్ణయించింది.

వాళ్ళది ఒంగోలు. లెక్కల్లో ఎమ్మెస్సీ. భర్త సుందర్ రాజ్ గారు రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఒహైయోలో మా చిన్న ఊరికొచ్చాక, డెబ్బైఆరులో అక్కడి కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో అక్కకి ఉద్యోగం దొరికింది. పొద్దస్తమానం కార్డులకి చిల్లులు పొడిచి మెషీన్‌కి తినిపించే పని. అప్పట్లో మేం పదమూడు తెలుగు కుటుంబాలం. ఆదివారం ప్రార్థన ఏ వారం ఎవరింట్లోనో అక్కే రాసిచ్చేది. ప్రేమానందం గారింటి తర్వాతి వారమే లూసీ వాళ్ళింట్లో పెడితే బిర్యానీకి పోలికలొస్తాయి. నైట్ డ్యూటీ నర్సులకి మూడో ఆదివారం కుదరదు. ఇవన్నీ చూసుకుని ఆర్నెల్లకి సరిపడా కాగితం తయారుచేసేది. ఒక్కరూ అలిగేవాళ్ళు కాదు.

ఎనభైఒకటి వేసవిలో ఆ కాలేజీ ఆటల్లో పెద్ద ముసలం పుట్టింది. ఇక్కడ కాన్ఫరెన్స్ అంటే మీటింగు కాదు, ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి. వీళ్ళ వ్యాలీ కాన్ఫరెన్స్‌లో ఎనిమిది కాలేజీలుండేవి. వాటిలో మూడు పెద్దవి, టీవీలో ఎక్కువ కనిపించొచ్చని ఇంకో పెద్ద కాన్ఫరెన్స్‌లోకి దూకాయి. ఐదు మిగిలాయి. రూలు ప్రకారం కనీసం ఆరుంటేనే వీళ్ళ విజేతకి జాతీయ టోర్నమెంట్‌లో నేరుగా చోటు దక్కుతుంది. అది పోతే టీవీ పోతుంది. టీవీ పోతే మిగిలిన ఐదూ తలో దారి చూసుకుంటాయి.

కాన్ఫరెన్స్ కమిషనర్ ఓల్సన్ గారు రిటైరైన కోచ్. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పారేసుకున్నట్టు జేబులు తడుముకుంటూ ఉండేవాడు. అమెరికా అంతా గాలించి ఆరోదాన్ని పట్టుకొచ్చాడు. దాని పేరు హెబ్రోన్ హిల్ కాలేజీ. శనివారాన్ని విశ్రాంతిదినంగా పాటించే వాళ్ళది. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా బంతి ముట్టుకోరు. టీవీ స్టేషనేమో ప్రతి శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ఆట కావాలంది. ఇంకో మూడు కాలేజీల వాళ్ళు ఆదివారం ఆడేది లేదన్నారు. ఓల్సన్ గారు వంటింటి బల్ల మీద పెన్సిలుతో వారం రోజులు కుస్తీపట్టి, ఓడిపోయి, కంప్యూటర్ సెంటర్‌కొచ్చాడు.

"డీనా, మీ మెషీన్ ఇది చేయగలదా?" అని అడిగాడు.

అక్క కాగితం చూసి, "మెషీన్‌ తర్వాత సంగతి. ముందు నన్ను చేయనివ్వండి" అంది.

రెండు రోజుల్లో చేసింది. హెబ్రోన్ హిల్‌ని టీవీ ఆటల్లోంచి తప్పించి, వాళ్ళ శనివారం ఆటల్ని పొద్దుగూకాక పెట్టింది. అమెరికా పంచాంగం తెప్పించి, ఏ రోజు ఏ ఊళ్ళో సూర్యుడు ఎన్నింటికి అస్తమిస్తాడో పక్కన రాసింది. అక్క వాళ్ళ చిన్నమ్మ అత్తగారివైపు వాళ్ళూ సబ్బాతు పాటించేవాళ్ళే. శుక్రవారం దీపాల వేళకి పొయ్యి ఆర్పేసే ఇల్లు ఆమె చిన్నప్పుడే చూసింది. అందుకే ఈ పట్టింపు ఆమెకి వింతగా లేదు.

చివర్న ఒక్క ప్రశ్న మిగిలింది. "మార్చిలో ఛాంపియన్‌షిప్ ఫైనల్ శనివారం ఒంటిగంటకి పెట్టారు. దాంట్లోకి హెబ్రోన్ హిల్ వస్తే?"

ఓల్సన్ గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోయినేడు వాళ్ళు గెలిచింది నాలుగు ఆటలు. అందులో ఒకటి అవతలి వాళ్ళ బస్సు మంచులో ఇరుక్కుని."

"వస్తే?"

"సరే, నీ ఇష్టమొచ్చింది రాసుకో."

అక్క రాసింది. హెబ్రోన్ హిల్ ఫైనల్‌కొస్తే ఆట సూర్యాస్తమయం తర్వాతే మొదలవుతుందని పదకొండో రూలు. ఆరు కాలేజీలూ, టీవీ స్టేషనూ సంతకాలు పెట్టాయి. పదకొండో రూలు దాకా చదివినవాళ్ళు ఎవరూ లేరనుకుంటా.

ఎనభైరెండు మార్చి నాలుగు, గురువారం సాయంత్రం హెబ్రోన్ హిల్ సెమీఫైనల్ గెలిచింది.

శుక్రవారం పొద్దున్నే ఓల్సన్ గారు టోపీ చేత్తో పట్టుకుని అక్క బల్ల ముందు నిలబడ్డాడు. జేబులు కూడా తడుముకోవడం లేదు. ఒంటిగంటకి ఆడితేనే టీవీలో వేస్తామని స్టేషన్ మేనేజర్ అంటున్నాడట. శనివారం మధ్యాహ్నం ఆడటం కంటే ఓడిపోయామని రాసిచ్చేస్తామని హెబ్రోన్ హిల్ ప్రెసిడెంటు అంటున్నాడట. అదే జరిగితే వచ్చే ఏడాది అటు టీవీ ఉండదు, ఇటు ఆరో కాలేజీ ఉండదు.

అక్క మేనేజర్‌కి ఫోన్ చేసి పదకొండో రూలు చదివి వినిపించింది. సంతకం తనదేనని అతను ఒప్పుకున్నాడు కానీ, "ఏడింటికి మాకు పోల్కా డాన్స్ ప్రోగ్రామ్ ఉంది మేడమ్. పదకొండేళ్ళుగా నడుస్తోంది. ఆపితే ఊరు తగలబెడతారు" అన్నాడు.

హార్మోనియంలాంటి అకార్డియన్ వాయిస్తుంటే ముసలి దంపతులు గుండ్రంగా తిరిగే ప్రోగ్రామ్ అది. సుందర్ రాజ్ గారు కూడా వదలకుండా చూసేవారు.

"ఆపమని ఎవరన్నారు? దాన్ని ఒంటిగంటకి వేయండి. ఆటని ఏడింటికి వేయండి" అంది అక్క.

అతను పైవాళ్ళని అడిగి చెప్తానన్నాడు. నాలుగైంది, ఐదైంది. ఆ రోజు సూర్యాస్తమయం ఆరూ ఇరవైఆరుకి. తర్వాత హెబ్రోన్ హిల్ ప్రెసిడెంటు ఫోనెత్తడు. ఓల్సన్ గారు కిటికీ దగ్గర నిలబడి, సూర్యుణ్ణి కళ్ళతో పట్టుకుని ఆపేలా చూస్తున్నాడు. ఆరూ పదికి స్టేషన్ నుంచి సరేనని కబురొచ్చింది. ఆరూ పదమూడుకి అక్క హెబ్రోన్ హిల్‌కి ఫోన్ చేసి, "రేపు రాత్రి ఏడింటికి సార్, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి" అని పెట్టేసింది.

శనివారం మేమంతా వాళ్ళింట్లో టీవీ ముందు చేరాం. అక్క వంటింట్లోనే ఉంది, బూట్ల చప్పుడు వినలేక. మూడు నిమిషాలకోసారి తలుపులోంచి తొంగిచూసి, "ఆడుతున్నారా?" అని మాత్రం అడిగేది. ఎవరు గెలుస్తున్నారని అడగలేదు. హెబ్రోన్ హిల్ ఒక్క పాయింటుతో గెలిచింది. సుందర్ రాజ్ గారు అప్పటికి గంట క్రితమే నిద్రపోయారు.

తర్వాతి గురువారం జాతీయ టోర్నమెంట్‌లో హెబ్రోన్ హిల్ నలభైఒక్క పాయింట్ల తేడాతో ఓడింది. శుక్రవారం పొద్దుగూకేలోపే ఇల్లు చేరారు. టీవీ స్టేషన్‌కి బస్తాడు ఉత్తరాలు వచ్చాయట. విప్పి చూస్తే, పోల్కాని ఇకనుంచి ఒంటిగంటకే ఉంచమని. భోజనం చేసి హాయిగా చూశామని. దాంతో మరుసటి ఏడాదినుంచి శనివారం ఆటలన్నీ సాయంత్రానికి మారాయి, అక్క పని సగమైంది.

అలా జీతంలేని ఆ పనిలోనే ఇంకో ఐదేళ్ళు గడిచాయి. ఎనభైఏడు జూన్‌లో ఒకరోజు అక్క పొద్దున కాఫీ తాగుతూ పేపర్ తీసింది. ఇంకో రెండు కాలేజీలు టీవీ బేరం కుదిరి వేరే కాన్ఫరెన్స్‌కి వెళ్ళిపోతున్నాయి. వ్యాలీ కాన్ఫరెన్స్ మూతపడుతోంది. వచ్చే సీజన్ షెడ్యూల్ అంతకుముందు రోజే పూర్తిచేసి పెట్టింది ఆమె.

సుందర్ రాజ్ గారు చూసేసరికి అక్క కళ్ళు తుడుచుకుంటోంది.

"అదేంటి దీనా, నీకు ఆ ఆటంటేనే గిట్టదుగా" అన్నారు.

"ఆట సంగతి కాదండీ. ఆరుగురూ ఏడాదికోసారి ఒకళ్ళింటికి ఒకళ్ళు వెళ్ళొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎవరు ఎవరింటికెళ్తారు?"

ఆయన ఇంకో కప్పు కాఫీ కలిపిచ్చారు. ఆ నెలాఖర్లో ఓల్సన్ గారు ఫ్లోరిడాకి మకాం మారుస్తూ వచ్చి, ఆఫీసు బీరువాలో మిగిలిన బహుమతి కప్పుల్లోంచి ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. అది బాస్కెట్‌బాల్‌ది కాదు, పంతొమ్మిదివందల అరవైమూడు నాటి ఈత పోటీది. చేతికి అందింది అదేనట. ఆగస్టులో పన్నెండు కాలేజీల పెద్ద కాన్ఫరెన్స్ వాళ్ళు తమ షెడ్యూల్ వేసిపెట్టమని అక్కకి ఫోన్ చేశారు. ఈసారి జీతం కూడా ఇస్తామన్నారు. ఆమె వారం రోజులు ఆలోచించి, తర్వాత ఒప్పుకుంది.