మా అత్త బీరువాలో భాషలు

నిన్న సాయంత్రం మా మనవరాలు పెన్సిలు చివర కొరుకుతూ వచ్చి నా పక్కన చేరింది. బళ్ళో టీచరు మూడు గడుల పట్టిక గీయించి పంపిందట. మొదటి గడిలో భాష పేరు, రెండో గడిలో ఆ భాష మాట్లాడేవాళ్ళను ఏమంటారో, మూడో గడిలో వాళ్ళెక్కడ ఉంటారో రాయాలి. కన్నడం, కన్నడిగులు, కర్ణాటక. తమిళం, తమిళులు, తమిళనాడు. బెంగాలీ దాకా గడగడా రాసుకుపోయిన పిల్ల ఉర్దూ దగ్గర ఆగిపోయింది. "అవ్వా, ఉర్దూ వాళ్ళు యాడ ఉంటారు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. పలక కూడా పట్టని మా మేనత్త ఇలాంటి పట్టికనే ధర్మవరంలో తన బీరువాలో పెట్టుకుంది. ఆమెకూ చిక్కొచ్చింది ఈ గడి దగ్గరే.

అత్త ఇంట్లో రెండు మగ్గాలుండేవి. మామ నేసేవాడు, అత్త ముందు గదిలో చాప పరిచి పట్టుచీరలు అమ్మేది. గోడ బీరువాలో అరలన్నీ భాషల ప్రకారం పంచేసింది. పై అర కన్నడమోళ్ళది, ముదురు రంగులు, వెడల్పాటి అంచులు. దాని కింద అరవోళ్ళది, వక్కపొడి రంగు, గోపురం అంచు. ఆ కింద మరాఠీవాళ్ళది, అంతా ఆకుపచ్చ. అడుగు అర తెలుగోళ్ళది. అందులో అన్ని రకాలూ ఉండేవి, ఎందుకంటే మనవాళ్ళు అన్నీ తీయించి చూసి ఏదీ కొనకుండా లేచిపోతారని ఆమె ఫిర్యాదు. వచ్చినవాళ్ళు గడప దగ్గర చెప్పులు విడుస్తూ రెండు మాటలు మాట్లాడేలోగా ఆమె చెయ్యి సరైన అర మీదికి పోయేది. ఆమె భూగోళం కూడా అంతే తేలిక. కణేకల్ కాలువ దాటితే కన్నడం, చిత్తూరు దాటితే అరవం, రైల్లో ఒక నిద్ర తీస్తే మరాఠీ. హిందీకి మాత్రం ఊరు లేదు. అది సినిమాల్లోనూ, రైల్వే స్టేషను మైకులోనూ కాపురముండే భాష.

ఒక ఏడు వానలు బొత్తిగా మొహం చాటేశాయి. వేరుశనగ భూమిలోనే మాడిపోయింది, చుట్టుపక్కల పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి, చీరలు అరల్లో కదలకుండా కూర్చున్నాయి. ఒక మగ్గం ఆగిపోయింది. మామ బెంగుళూరులో వాచ్‌మన్ పని కుదుర్చుకుని సంచి సర్ది గుమ్మం పక్కన పెట్టాడు. "సోమవారం లోపల ఒక్క బేరమన్నా తగిలితే ఉంటా, లేకుంటే పోతా" అన్నాడు. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేసిన మనిషి ఎవరి గేటు ముందో కుర్చీ వేసుకుని కూర్చోవడం అత్తకు మింగుడు పడలేదు. ఆ సంచి వైపు చూడకుండా తిరిగేది. నేను ఆ వారం సెలవు పెట్టి అక్కడే ఉన్నాను, ఆమెకు తోడుగా అని పేరు, నిజానికి నాకూ భయంగానే ఉండింది.

శుక్రవారం పొద్దున ఒకామె వచ్చింది. కొండల మీద గాలిమరల కంపెనీలో పనిచేసే ఇంజనీరు భార్య. కూతురి పెళ్ళికి చీరలు కావాలని సైగలతో అర్థమైంది, మిగిలిందంతా హిందీ. అత్త చెయ్యి గాలిలోనే ఆగిపోయింది, ఆ భాషకు అర లేదు. నా వైపు చూసింది. నేను హిందీ పరీక్షలు పాసైన మాట నిజమే, కానీ నా హిందీ పేపరు మీద తప్ప ఎక్కడా బతకలేదు. వచ్చినామె ఏ చీర తీసినా భుజం మీద వేసుకుని, కొంగు చూసి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేస్తోంది.

అత్తకు ఉన్నట్టుండి పక్కింటావిడ గుర్తొచ్చింది. జాకెట్లు కుట్టే సాయిబుల ఆవిడ, ముప్పై ఏళ్ళుగా గోడ పక్క గోడ. ఆమెది ఉర్దూ అని, ఉర్దూ వస్తే హిందీ వచ్చినట్టేనని అత్త లెక్క. పరుగున పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఈయమ్మకు ఏం కావల్లో నీ భాషలో అడుగు మే" అంది.

ఆమె తెల్లబోయింది. "నా భాష ఏంది అక్కా? మా నాయన, మా జేజి, అందరూ తెలుగే. నాకు ఉర్దూ ముక్క రాదు. ముప్పై ఏండ్లు నీతో ఏ భాషలో మాట్లాడినా?"

ముప్పై ఏళ్ళలో ఆమె నోట తెలుగు తప్ప ఇంకో మాట వినలేదని అత్తకు అప్పుడే తట్టింది కాబోలు. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. అంతటి అత్తను అలా చూడడం నాకు కష్టంగా ఉండింది, లోపల్లోపల నవ్వూ వచ్చింది.

పక్కింటావిడ మాత్రం వెనక్కి పోలేదు. కొలతలు తీసే మనిషి కదా, భాషతో ఆమెకు పని లేదు. ఒక చీర తీసి వచ్చినామె చేతిలో పెట్టి, మీరెట్లా కడతారో కట్టి చూపించమని చేత్తోనే అడిగింది. ఆమె సంతోషంగా లేచి కట్టుకుంది. కొంగు వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి గుండెల మీద పరుచుకుంది. "అక్కా, సూస్తివా! వీళ్ళు కొంగు ముందరికేసుకుంటారు. మన కొంగు ఈపు మీద ఏలాడేది గదా, చిన్నదైనా సరిపోతాది. వీళ్ళకు ఇదే కనపడేది. జరీ నిండుగా, కొంగు పెద్దగా నేయల్ల" అంది. మామ మగ్గం గుంటలోంచి లేచొచ్చి, ఆ కొంగును జానతో కొలిచి, "రెండు జానలు పెంచితే సరి, నేస్తా" అన్నాడు. వచ్చినామెకు మాట తెలియకపోయినా ఆ జానలు తెలిశాయి. నాలుగు చీరలు నేయమని చెప్పిపోయింది. ఆ సాయంత్రం అత్త గుమ్మం పక్కన సంచిలోంచి మామ బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. కళ్ళు తుడుచుకోవడం దాచుకోలేదు.

ఆ చీరలు చూసి కంపెనీ ఇళ్ళ నుంచి ఇంకొందరు వచ్చారు, ఆగిన మగ్గం మళ్ళీ ఆడింది. ఏడాది తిరిగేలోగా ఆ ఇంజనీరు భార్య మన తెలుగు పట్టేసింది. ఒకరోజు కాఫీ తాగుతూ, "మాది హిందీ గాదు అక్కా, మైథిలి. బీహారులో ఉండాది" అని చల్లగా చెప్పింది. అత్త పకపకా నవ్వి ఇక భాషల గొడవే వద్దని అరలన్నీ దించేసింది. కొంగు ముందరోళ్ళు, కొంగు ఎనకోళ్ళు అని రెండే వాటాలు చేసింది. సర్దుతూ సర్దుతూ పక్కింటావిడను చూసి, "నిన్ను యాడ పెట్టల్ల మే?" అంది. "ఈడ్నే, నీ పక్కన" అని ఆమె చాప మీద చతికిలబడింది. ఆ తర్వాత వ్యాపారం ఇద్దరిదీ అయింది.

కథంతా విని మనవరాలు పెన్సిలు అందుకుంది. ఉర్దూ ఎదురుగా మూడో గడిలో "చాలా ఊళ్ళలో, కొందరు మన వీధిలో కూడా" అని రాసింది. పైకి పోయి, తెలుగు ఎదురుగా తెలుగువారు అన్న గడిలో చోటు చాలకపోయినా "మా అవ్వ వాళ్ళ అత్త పక్కింటావిడ కూడా" అని ఇరికించింది. గోడ అవతలి మనిషి తన భాష మనిషేనని తెలియడానికి మా అత్తకు ముప్పై ఏళ్ళు పట్టింది, ఈ పిల్ల దీపాలు పెట్టే వేళకే రాసేసి పుస్తకం మూసి ఆటకు పోయింది.