తెలిసినాయన చెయ్యి

మా తమ్ముడు తలుపులు చేస్తాడు. బీరువా చేయమంటే చేస్తాడు గాని, ముఖం మాడ్చుకుని చేస్తాడు. అతను బిగించిన తలుపు వేసినా తీసినా కిర్రుమనదు. మనిషి మాత్రం రోజంతా కిర్రుమంటూనే ఉంటాడు. ఎవరి మాటనైనా కాస్త చెక్కందే వదలడని వీధివాళ్లు అతనికి చిత్రిక అని పేరు పెట్టారు. పెళ్లి చేసుకోలేదు. చేసుకున్నా ఆ పిల్ల వారం తిరక్కుండా పుట్టింటికి పోయేది.

మా చెల్లెలు పోయాక దాని కొడుకుని ఇతనే పెంచాడు. కొట్టు వెనక గదిలో రంపపు పొట్టులో పొర్లుతూ పెరిగిన పిల్లాడు, చదివి మత్తు డాక్టరయ్యాడు. అప్పటినుంచి మావాడు కొలతలకని ఎవరింటికి వెళ్లినా, ముందు మేనల్లుడి సంగతి చెప్పాకే టేపు బయటికి తీసేవాడు.

నిచ్చెన మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేసి బిగించాలన్నారు. పొగ తాగీ తాగీ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు కాబట్టి ఒళ్లంతా మత్తు ఇవ్వడం మంచిది కాదట. చంకలోంచి సూది పంపి, చేతికి వెళ్లే నరాల చుట్టూ మందు వేస్తే చెయ్యి ఒక్కటే మొద్దుబారుతుందట, మనిషి మెలకువగానే ఉంటాడట. మావాడు ససేమిరా అన్నాడు. అది అతనికి అన్నం పెట్టే చెయ్యి మరి. అప్పుడు మేనల్లుడు మంచం పక్కన కూర్చుని, "సూది నేనే వేస్తా మావయ్యా, నా చేత్తో," అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు.

లోపల జరిగింది తర్వాత తమ్ముడే చెప్పాడు. చెయ్యి పక్కకు చాపించి, చంకలో చల్లటి జిగురు రాసి, ఇస్త్రీపెట్టె పిడిలాంటిదేదో ఆనించారు. స్కానింగ్ తెర మీద నల్లటి గుండ్రటిది టకటకా కొట్టుకుంది. అది రక్తనాళం, చుట్టూ ఉన్న మచ్చలు నరాలు అని మేనల్లుడు చెబుతుంటే, తనకే చెబుతున్నాడనుకుని తమ్ముడు తల ఊపాడు. చెప్పింది అతనికి కాదు. పక్కన నిలబడ్డ కొత్త డాక్టరమ్మాయికి. సూది ఆమె చేతిలో పెట్టి అన్నాడట: "నువ్వు చెయ్యి. ఈయన తెలిసినాయనే, ఏమీ అనుకోరు."

నోరు పెద్దదని పేరుపడ్డ మనిషి తెరవైపే కళ్లప్పగించాడు. తెర మీద సూది తెల్లటి గీతలా దిగింది, ఉన్నట్టుండి కనిపించకుండా పోయింది. వేళ్లలోకి కరెంటు కొట్టినట్టయింది. ఆ పిల్ల వెంటనే సూది వెనక్కి లాగి, "సారీ తాతగారూ," అంది. రెండోసారి సరిగ్గానే వేసింది. చెయ్యి వెచ్చబడి, బరువెక్కి, తనది కాకుండా పోయింది. మేనల్లుడు చేతులు కట్టుకుని ఆమె భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడట.

ఆపరేషను శుభ్రంగా అయింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు, అదే అతన్ని తినేసింది.

సాయంత్రం మేనల్లుడు నవ్వుతూ వచ్చాడు. తమ్ముడు నవ్వలేదు.

"ఏం కాలేదు కదా మావయ్యా. ఎవరైనా ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి. నువ్వు నేర్పలేదా పనివాళ్లకి?"

"నేర్పాను. తలుపు ఎవరిదో వాళ్లని అడిగి నేర్పాను."

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోను. అందుకేగా అడగాల్సింది. ఇంతకీ నేను నీకు తెలిసినాయన్నా?" అన్నాడు.

వాడు నేల చూస్తూ చెప్పాడు. సొంతవాళ్లకి చెయ్యకపోవడమే అక్కడి పద్ధతట, మావయ్య చంకలో సూది గుచ్చే ధైర్యం చాల్లేదట. ఆ ముక్క పొద్దున్నే ఏడిస్తే ఏం పోయిందని నేను అడిగాను.

అంతలో తమ్ముడి మొద్దుబారిన చెయ్యి, మెడకి వేలాడదీసిన కట్టులోంచి జారి మంచం అంచున వేలాడింది. మేనల్లుడు రెండు చేతులా పట్టుకుని, మెల్లగా ఎత్తి, మళ్లీ కట్టులో పెట్టాడు. ఆ చెయ్యి ఎవరు పట్టుకున్నదీ తమ్ముడికి తెలియలేదు. చూస్తే తెలిసేది. అతను గోడవైపు తిరిగి ఉన్నాడు.

మరుసటేడు ఆ ప్లేటు వేళ్ల నరానికి ఒరుసుకుంటోందని, తీసేయాలన్నారు. మళ్లీ అదే మత్తు. తమ్ముడు నన్ను పంపి ఆ డాక్టరమ్మాయిని పిలిపించాడు. పాపం, తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చింది.

"ఆ రోజు మొదటిసారా నీకు?"

"అవును తాతగారూ. మీకు చెప్పారనుకున్నాను."

"ఇప్పుడు చెయ్యడం వస్తోందా?"

"వస్తోందండీ."

"అయితే నువ్వే వెయ్యి. నేను ఒప్పుకుంటున్నాను."

చక్రాల మంచం తోసుకెళ్తుంటే మేనల్లుడు పరుగున వచ్చి దాని అంచు పట్టుకున్నాడు. తానూ లోపలికి వస్తానన్నాడు.

"మీరు రానక్కర్లేదు డాక్టరుగారూ," అన్నాడు మా తమ్ముడు. గొంతులో కోపం కూడా లేదు.

తలుపు మూసుకుంది. వాడు వచ్చి నేను కూర్చున్న బల్ల దగ్గర నిలబడ్డాడు. పక్కన నా సంచి ఉంది. వాడు కూర్చోడానికి నేను దాన్ని తీయలేదు.