చోటు కలిసొచ్చే కొండలు

మా బావకు ఒకటే జబ్బు. కొత్త వస్తువు ఏది కనిపించినా దాని ధర అడగడు, మన్నిక అడగడు. "ఇందులో కొండ పడుతుందా?" అని అడుగుతాడు.

ఫ్రిజ్ కొనడానికి వెళ్తూ అక్కా, బావా నన్నూ వెంటబెట్టుకెళ్లారు. షాపతను ప్రతి అరనూ వర్ణించి వర్ణించి అలిసిపోయాక, బావ తలుపు తీసి లోపలికి తల దూర్చాడు.

"ఇందులో కొండ పడుతుందా?"

"ఏ కొండ సార్?"

"పెద్దది కాదులెండి. జానెడు ఎత్తుంటుంది."

షాపతను తనూ లోపలికి తొంగిచూసి, "చల్లగా ఉండాలా సార్?" అన్నాడు. అక్క అప్పటికే బయట మెట్ల మీద నిలబడి ఉంది, మాతో రాని మనిషిలా.

ఈ కొండల సంగతి చెప్పాలి. ఆదివారం వచ్చిందంటే మా బావ భోజనాల బల్ల మీద యుద్ధం చేస్తాడు. ఆకుపచ్చ గుడ్డ పరిచి, బొటనవేలంత సీసపు సైనికులను నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి ఎవరు చచ్చారో తేలుస్తాడు. యుద్ధమన్నాక కొండలుండాలి. కొండ మీదున్నవాడిదే పైచేయి. సైనికులు చెప్పుల పెట్టెలో సర్దుకుంటారు గానీ కొండలు సర్దుకోవు. ఇల్లేమో రెండు గదులు, పై వాటాలో నేనుండే గది ఒకటి. పార్శిల్ ఆఫీసులో లారీల్లోకి సామాను సర్దించే ఉద్యోగం కాబట్టి, ఖాళీ చోటు కనిపిస్తే చాలు, బావకు చేతులు దురద పెడతాయి.

అవతలి సైన్యానికి అధిపతి వాచీల గురువుగారు. వీధి చివర వాచీలు బాగుచేసే కొట్టు నడిపి నడిపి, ఈమధ్యే మూసేశారు. ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆయనకు వారమంతా కలిపి ఆదివారమే.

మొదట్లో థర్మోకోల్ కొండలుండేవి. మంచం కింద కొన్ని, బీరువా మీద ఒకటి, స్టూలనుకుని పక్కింటావిడ కూర్చున్నది ఇంకొకటి. చోటు చాలక ఒకదాన్ని బట్టలుతికే మెషిన్లో దాచాడు. అక్క చూసుకోకుండా దుప్పట్లు వేసి తిప్పేసింది. చాలాకాలం మేమంతా తెల్లటి పూసలు రాల్చుకుంటూ తిరిగాం.

"మెషిన్లో కొండ పెట్టేవాణ్ణి ఎక్కడైనా చూశావురా?" అని అక్క నన్నడిగింది.

"అదెప్పుడో గాని తిరగదు. మిగతా టైమంతా ఖాళీయేగా. చోటు కలిసొస్తుందని పెట్టా" అన్నాడు బావ.

ఇదే ఆయన మంత్రం. ఒకసారి గుడ్డ కింద పుస్తకాలు పేర్చి ఇవే కొండలన్నాడు. చోటు కలిసొస్తుంది, ఆటయ్యాక చదువుకోవచ్చు. పుస్తకాల సందుల్లో గుర్రపు దళం మొత్తం కూరుకుపోయింది. చివరికి ఎలాగో ఒక బొమ్మల షాపులో అసలైన ఆట కొండలు దొరికాయి. లోపల డొల్ల, పైన నున్నటి వాలు, గిన్నెల సెట్టులా ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. కొండల వరసంతా కలిపి ఒక్క కొండంత చోటే. ఆ రోజు బావ కుర్చీలో కుదురుగా కూర్చుంటే, జ్వరమేమోనని అక్క నుదురు పట్టి చూసింది.

ఆ కుదురు ఎంతోకాలం నిలవలేదు. ఒక ఆదివారం గురువుగారి సైనికులు కొండ మీంచి పదేపదే దొర్లిపడ్డారు. "మావాళ్లు తాగొచ్చినట్టున్నారు" అని నవ్వించారాయన. ఆ తర్వాత పాచికలు పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఇక నేను రానబ్బాయ్. మోజు తీరిపోయింది" అన్నారు.

ఆయన వెళ్లాక బావ కాలుగాలిన పిల్లిలా రెండు గదులూ తిరిగాడు. తిరిగి తిరిగి, టేపు తీసి కొండలు కొలవడం మొదలుపెట్టాడు.

"మనిషి రానంటుంటే కొండలు కొలుస్తావేంటి బావా? వెళ్లి బతిమాలు."

"బతిమాలితే మర్యాదకు ఒక వారం వస్తారు. తర్వాత? ఆ కొస పట్టుకో. కొండలకు చోటు చాలట్లేదు."

"ఒకదాంట్లో ఒకటి పడుతున్నాయిగా?"

"వాదించకు."

ఆ వారమంతా ఆఫీసు వదిలాక నన్ను బొమ్మల షాపులన్నీ తిప్పాడు. జేబులో ఒక సీసపు సైనికుడు. కనిపించిన ప్రతి కొండ మీదా వాణ్ణి నిలబెట్టి, షాపు బల్లను దడదడలాడించేవాడు. వాడు పడిపోతే ఇంకో షాపు.

"ఏం చేస్తున్నారండీ?" అంది ఒక షాపావిడ కంగారుగా.

"భూకంపం పరీక్ష" అన్నాడు బావ. ఆవిడ దగ్గర మెట్లు మెట్లుగా ఉన్న కొండలున్నాయి, ఒక్కో మెట్టూ అరచేయంత వెడల్పు. బావ బల్ల ఊపాడు. సైనికుడు కదల్లేదు, షాపావిడ వెనక్కి జరిగింది.

ఇంటికి తెస్తే అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవి ఒకదాంట్లో ఒకటి దూరవుగా?"

"దూరవు."

"పాతవాటికంటే పెద్దవిగా?"

"కొంచెం."

"మరి చోటెలా కలిసొస్తుంది?"

"సర్దడం తెలియాలి" అంటూ బావ ఆమె బీరువాలోంచి బట్టలు తీసి కొండలు పెట్టాడు. ఆదివారం సాయంత్రానికల్లా బీరువాలో కొండలైనా ఉండాలి, తన బట్టలైనా ఉండాలి అని అక్క తేల్చి చెప్పింది. అదేం వినిపించుకోకుండా బావ గురువుగారికి ఫోన్ చేశాడు. "ఇల్లు ఇరుకైపోయి కొండలు మార్చాల్సొచ్చిందండీ. వీటి మీద ఆట కుదురుతుందో లేదో మీరే చెప్పాలి. ఒక్కసారి రండి."

ఆదివారం గురువుగారు వచ్చేలోపు బావ కిటికీకీ గుమ్మానికీ మధ్య నేల అరగదీశాడు. ఆయన వచ్చారు. మొదటి సైనికుణ్ణి తీసి కొండ మీద పెడుతుంటే ఆయన చెయ్యి వణకడం అప్పుడు చూశాను. బొమ్మ మెట్టుకు టకటకా తగిలి, ఊగి, నిలబడింది. రెండోదీ నిలబడింది. ఆట సగానికొచ్చేసరికి ఆయన మా బావ సైన్యాన్ని మూలకు తోసేసి, కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నారు.

వంటింట్లో టీ పెడుతున్న బావను పట్టుకున్నాను. "ఇది చోటు గొడవ కాదు కదా బావా."

"మెల్లిగా మాట్లాడు. ఎన్ని వాచీలకు ప్రాణం పోసిన చెయ్యిరా అది. వణుకుతోందని నేనెత్తి చూపించాలా? తెలిస్తే మళ్లీ గుమ్మం తొక్కరు. నాకు చోటు పిచ్చని అందరికీ తెలుసు. ఆ పిచ్చి ఈ మాత్రమైనా పనికిరాకపోతే ఎలా? నువ్వు మాత్రం ఆయనతో అనకు."

అననని మాటిచ్చాను. బావ మీద అంత ప్రేమ పొంగుకురావడం నాకే ఇబ్బందిగా అనిపించి ముందు గదిలోకి వచ్చేశాను. గురువుగారు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"ఎక్కడైనా కొండకు మెట్లుంటాయా నాయనా? పాతవే చూడముచ్చటగా ఉండేవి. కానీ ఇంట్లో చోటు లేక కొనుక్కున్నాడు పాపం. బాగాలేవంటే చిన్నబుచ్చుకుంటాడు. ఏం చేస్తాం, వాడి తృప్తి కోసం వారం వారం వచ్చి పోతుంటాను. నువ్వు మాత్రం వాడితో అనకు."

ఆయనకూ మాటిచ్చాను. ఇంతలో బావ టీ తెచ్చాడు. "కొండలు దివ్యంగా ఉన్నాయబ్బాయ్" అన్నారు గురువుగారు గంభీరంగా.

పక్క గదిలోంచి అక్క బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. నేను గబగబా పై వాటాలో ఉన్న నా గదికి వెళ్లి, నా చొక్కాలన్నీ మంచం మీద పడేసి, కొండలకు నా బీరువా ఖాళీ చేయడం మొదలుపెట్టాను.