చెప్పినంతే చేసే మేడం

అయిజ దగ్గరి ఒక ఊరి బడిలో కంప్యూటర్ చెప్పడానికి కాంట్రాక్టు మీద చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది కల్వకుర్తి. అయిజలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. మధ్యాహ్నం టీచర్లంతా ఒకచోట కూర్చుని తినేవాళ్లు. నేను కంప్యూటర్ల గదిలో ఒక్కదాన్నే టిఫిను డబ్బా విప్పేదాన్ని. నన్ను పిలవొద్దని ఎవరూ అనుకోలేదు. పిలవాలని కూడా ఎవరికీ తోచలేదు.

పగలు కరెంటు ఉండేది కాదు. అందుకని ఏడో తరగతి పిల్లలకు నేనే కంప్యూటర్‌నయ్యాను.

"మీరు చెప్పిందే చేస్త, చెప్పంది చెయ్య. నాతోని బోర్డు తుడిపించండి."

"తుడువుండ్రి మేడం" అన్నారు. అరచేత్తో తుడిచాను. డస్టర్ పట్టుకోమన్నారు. పట్టుకుని అలాగే నిలబడ్డాను. గదంతా నవ్వు. రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ నలభై నిమిషాలే.

వెనక బెంచీలో ఒక అమ్మాయి నవ్వకుండా లేచింది. "డస్టర్ తోని పైనుంచి కిందికి ఒక్కపారి తుడువుండ్రి. రాత ఇంకా కనబడ్తె మల్ల తుడువుండ్రి. కనబడకుంటె ఆగుండ్రి."

షరతు పెట్టి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం నేనింకా చెప్పని పాఠం. ఎట్ల తెలిసిందని అడిగాను.

"చేన్ల గట్లనే చెప్తరు మేడం."

విత్తనాల కోసం వేసే సీడు పత్తి పూతకు రాగానే, పువ్వుకు పువ్వు రుద్దే కూలిపనికని ఆ అమ్మాయి బడి మానేసింది. తల్లిని అడిగి మళ్లీ పిలుచుకొద్దామని ఒక ఆదివారం పొద్దున వాళ్లు పనిచేసే చేనికి వెళ్లాను. ఆ పిల్ల నా చేతికి మగపువ్వు ఇచ్చింది. "నిన్న మాపు గుర్తుకు ఎర్ర కాగితం పెట్టినం, గా పువ్వుకే రుద్దాలె. లేకుంటె ముట్టొద్దు." పత్తి చాలు చివరిదాకా ఆమె వెనకే నడిచాను. రెండుసార్లు తప్పు చేస్తే ఓపికగా దిద్దింది.

తర్వాత గట్టు మీద తల్లి జొన్నరొట్టె, పల్లికారం పెట్టింది. "ఒక్కదానివే ఉంటవా బిడ్డా?" అంది. నెలల తర్వాత నలుగురి మధ్య కూర్చుని తిన్నాను. పిల్లను బడికి పంపమని అడగాల్సింది అప్పుడే. అడిగితే ఆ ముఖాలు మారతాయని ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాను. అయిజ బస్సెక్కాక సిగ్గేసింది.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లి అడిగాను. తల్లి తల వంచుకుని, "పూత అయినంక పంపుత" అంది. ఈసారి రొట్టె తినమని అనలేదు.

పూత అయిపోకముందే నా కాంట్రాక్టు ముగిసింది. కంప్యూటర్ల మీద బట్ట కప్పి తాళం హెడ్మాస్టరుకు ఇచ్చాను. ఆ అమ్మాయి తిరిగి బడికొచ్చిందో లేదో నాకు తెలియదు. ఉత్తరం రాసి కనుక్కుందామంటే ఆ ఊళ్లో నాకు జవాబు రాసేంత దగ్గరివాళ్లు ఎవరూ లేరు.