బ్రాకెట్లు లేని నాటకం

మొన్న ఆదివారం మా మేనత్త మనవరాలు మరాఠీ పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. పదో తరగతి. నాటకం పాఠం వెనక నాంది, అంకం, స్వగతం అంటూ మాటల పట్టిక ఇచ్చారు. "మామా, స్వగత్ అంటే ఏంది? సర్ చెప్పిండు గానీ సమజ్ కాలే" అంది. పాత్ర తనలో తాను అనుకునే మాట, చూసేవాళ్లకు వినిపిస్తుంది, పక్కనున్న పాత్రకు వినిపించదు అని చెప్పాను. ఆ అర్థం నాకు నేర్పింది ఈ పిల్ల నాయనమ్మే. ఇప్పుడామె లేదు.

అత్త ఆసిఫాబాద్ వైపు తెలుగులో పది చదివి, మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో బట్టల దుకాణం వాళ్లింటికి కోడలై వచ్చింది. ఇరవై ఏళ్ల నన్ను దుకాణంలో పనికి పిలిపించుకుంది. మా గల్లీలో అందరూ తెలుగు మాట్లాడేవాళ్లే, చదివేవాళ్లు మాత్రం వెతికినా దొరకరు. అది ఆమెకు మింగుడు పడేది కాదు. ఆదివారాలు పిల్లలకు అక్షరాలు నేర్పుకుంటాను, దుకాణం వెనక గది ఇవ్వమని తన మామగారిని అడిగింది. ఆయన బేరం తెలిసిన మనిషి. "లాల్‌పేట్ల గణపతి పండుగకు నాటకం ఆడిస్త అంటున్నవ్ గద. గా నాటకం మంచిగ అయితే ఎనక అర్ర నీదే" అన్నాడు.

నాటకం అత్తే రాసింది. ఆడేవాళ్లు బొగ్గుగని కార్మికులు, తెలుగు చదవరాదు. వాళ్ల తెలుగు మాటలన్నీ మరాఠీ లిపిలో రాసివ్వడం నా పని. మాకిక్కడ అది మామూలే, పెళ్లిపాటలూ భజనలూ అలాగే రాసుకుంటాం. ఎలా చెప్పాలో, ఎటు నడవాలో అత్త బ్రాకెట్లలో రాసింది. "బ్రాకెట్లు మర్వకురా" అని నాలుగుసార్లు చెప్పింది. నేను పెద్ద పండితుణ్ణి కదా! స్వగతం అంటే తెలియని మనిషి ఉంటాడా అనుకుని, తొందరలో లోపలి మాటలు ఉంచి బ్రాకెట్లు ఎగరగొట్టాను. రిహార్సళ్లలో అత్త ఎదురుగా కూర్చుని చెప్పేది కాబట్టి బయటపడలేదు. తీరా నాటకం రోజు, కొడుకు వేషం వేసేవాడికి గనిలో డ్యూటీ మారింది. వాడి తమ్ముడు, నాలుగో తరగతితో బడి మానేసినవాడు, పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, అన్న కాగితాలు మొత్తం పాఠ్ చేసిన" అన్నాడు. నిజమే, అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టాడు.

తల్లిని వదిలి వెళ్లే ఘట్టం. వాడు దండం పెట్టి, గొంతెత్తి, "స్వగతం! ఈ తల్లి ముఖం చూడలేను. కన్నీరు తుడుచుకొని! అమ్మా, సెలవు. మూడడుగులు నడచి ఆగును!" అన్నాడు, నిలుచున్న చోటు నుంచి కదలకుండా. షామియానా కింద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మామగారు. ఎందుకు నవ్వుతున్నారో వాడికి తెలియదు, ఇంకా గట్టిగా చెప్పాడు. అబద్ధమెందుకు, నాకూ నవ్వొచ్చింది. తెర తాడు నా చేతిలోనే ఉంది.

"తెర వేసెయ్యనా అత్తా?"

అత్త నా ముఖం చూసింది. నా నవ్వు ఆగిపోయింది.

"వెయ్యకు. పాపం, గింత కష్టపడి నేర్చుకున్నడు. పూర్తిగ చెప్పనియ్."

"నిష్క్రమించును" అని కూడా చెప్పి వాడు దర్జాగా లోపలికొచ్చాడు. అత్త వాడి వీపు తట్టి, "ఒక్క ముక్క మర్వలేదురా" అంది. మామగారు మాత్రం అత్తతో, "మస్తు నవ్విచ్చినవ్ బిడ్డా. ఇగ మనకెందుకు గీ చదువులు" అన్నాడు. ఆ వారమే అత్త అడిగిన గదిలో చీరల మూటలు పడ్డాయి. తప్పు నాదని ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అత్తా చెప్పలేదు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

"నాయనమ్మ రాసిన నాటకం పెట్టెల ఉన్నది మామా. ఇంట్ల ఎవ్వలకూ చదువరాదు" అంది పిల్ల. తర్వాత, "స్వగతం తెలుగుల ఎట్ల రాస్తరు?" అని అడిగింది. దాని నోట్‌బుక్‌లో రాసి చూపించాను. రెండు పక్కలా బ్రాకెట్లు గీశాను.

"గవెందుకు మామా?"

లోపలి మాట పైకి చదవకూడదని గుర్తు అన్నాను. ఆ రెండు గీతలకు రెప్పపాటు పట్టింది. ఆ రెప్పపాటు నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.