ఏడున్నర బ్యాచ్ రెప్ ఆంటీ

మా పై అంతస్తు ఆవిడ పోయింది. ఆ కబురు మా మనవరాలు చెప్పింది, అదీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "అమ్మమ్మా, రెప్ ఆంటీ పాస్డ్ అవే ఆల్రెడీ. పొద్దున్నే." నేను దోసె తిరగేస్తున్నాను. అది మాడింది. ఎనభై దాటిన నేను పెనం ముందు నిలబడి ఉండగా అరవై నిండని మనిషి వెళ్లిపోవడం వరస తప్పిన పని. వరస తప్పడం ఆవిడ అలవాటు కాదు. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననం కూడా అయిపోయింది.

సింగపూర్‌లో, యూ టీ అనే పేటలో మా బ్లాకు పిల్లలంతా ఆవిడను రెప్ ఆంటీ అనే పిలిచారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడు చాలామందికి తెలియదు. తెలిసిన వాళ్లలో పెన్ను పట్టే ఓపిక ఉన్నది నేనొక్కతినే కాబట్టి రాస్తున్నాను.

కంప్యూటర్ల వెర్రి ముదిరిన రోజులవి. కంప్యూటర్ రాని మనిషిని అందరూ ఈత రానివాణ్ని పడవలో చూసినట్టు చూసేవారు. తంజోంగ్ పగార్‌లో ఒక పాత దుకాణం మేడమీద సాయంత్రపు కాలేజీ ఒకటి నడిచేది. మేమంతా దాన్ని కమ్యూనిటీ కాలేజీ అనేవాళ్లం. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రాత్రి ఏడున్నరకు వచ్చి ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు. దాని పాలకమండలిలో నాకూ ఒక కుర్చీ వేశారు. ఒక ఆడమనిషి కావాలి, ఒక తెలుగు మనిషి కావాలి, ఒక రిటైర్డ్ లెక్చరర్ కావాలి. ముగ్గురికి బదులు ఒక్క ముసలమ్మ దొరికితే వాళ్లకు టీ ఖర్చు కలిసొచ్చింది.

బోర్డులో విద్యార్థుల తరఫున ఒక ప్రతినిధి, పొట్టి ఇంగ్లీషులో 'రెప్', ఉండాలని నిబంధన. వాళ్లకు ఓటు ఉండదు, బిస్కెట్ ఉంటుంది. అంతకుముందు వచ్చిన అబ్బాయి బంగారం లాంటివాడని బోర్డంతా మురిసిపోయేది. ఏమడిగినా "ఓకే అంకుల్" అనేవాడు. మనవాళ్లు పిల్లలకు నేర్పే మర్యాద అది. పెద్దవాళ్లు కనిపిస్తే అంకుల్, ఆంటీ. ఆ తరువాత నోరు మూత. అతని తరువాత క్లాసు ఈవిడను ఎన్నుకుంది.

ఆవిడది హైదరాబాదు పాతబస్తీ. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. భర్త సైన్స్ పార్కులో ప్రోగ్రామరు. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి ఉబ్బసం, రాత్రిపూట అమ్మో నాన్నో పక్కన లేకపోతే ఊపిరి అందేది కాదు. నేను మాంసం ముట్టనని తెలిసి, బగారా బైంగన్ చేసిన రోజు మా ఇంటికొచ్చి మా గిన్నె తీసుకెళ్లి దాంట్లోనే వండి తెచ్చేది. "మీ గిన్నె మీ మతంలనే ఉన్నది ఆంటీ, ఫికర్ చేయకున్రి" అనేది. ఆ వంకాయ కూర ముందు నా చదువంతా దిగదుడుపే.

డిప్లొమా పూర్తి చేయాలని ఆవిడకు పట్టుదల. పదిహేడేళ్లకు పెళ్లి చేసి చదువు ఆపేశారట. ఇక్కడ భర్తను ఒప్పించి, సాయంత్రాలు పిల్లల్ని ఆయనకు వదిలి, రైలెక్కి వచ్చేది. ఇంతలో ఆయనకు ఆఫీసులో పని మారింది. వచ్చే టర్మ్ నుంచి రోజూ తొమ్మిదింటికి అమెరికా వాళ్లతో ఫోన్లో కూర్చోవాలి. ఏడున్నర క్లాసు వదిలి ఆవిడ ఇల్లు చేరేసరికి పదిన్నర. మధ్యలో పిల్లవాడి సంగతి? అదే క్లాసు ఆరింటికైతే తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటుంది, చదువూ సాగుతుంది.

పిల్లవాణ్ని నేను చూసుకుంటానన్నాను. "చిన్నోడు మీ దగ్గర నవ్వుతడు ఆంటీ, దమ్ము అందకపోతే మాత్రం అమ్మీ అనే అంటడు" అంది. అది నిజమే.

దేవుడు వరమిచ్చినట్టు, సరిగ్గా అప్పుడే బోర్డు తనంతట తానే క్లాసును ఆరింటికి మార్చాలనుకుంది. పాఠాలు చెప్పే ఇంజనీర్లకు ఇంటికి త్వరగా పోవాలని ఉంది. ఛైర్మన్‌కు కూడా. నేను ఆ మాట మోసుకుని మేడెక్కి చెప్పాను. ఆవిడ మొహం వెలిగింది. వెంటనే, "జర ఆగున్రి, క్లాసుల అడగాలె" అంది.

"అడగడమేమిటి? నీకు కావలసింది అదేగా?"

"నాకు గావాలె. వాళ్లకు?"

అడిగింది. క్లాసులో ఎక్కువమంది దుకాణాల్లో, క్లినిక్కుల్లో పనిచేసేవాళ్లు. ఏడింటికి గాని వదలరు. ఆరింటికి మారిస్తే చదువు మానుకోవలసిందే. ఆవిడ తన ఇబ్బంది దాచకుండా చెప్పి, ఆరు గంటల క్లాసు కోసం వాళ్లతో వాదించి, చేతులెత్తించి, ఓడిపోయింది.

ఆ వారమే మీటింగు. అక్కడ మాటలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగు చేసి చెబుతున్నాను. ఆవిడ లేచి, క్లాసుకు ఏడున్నరే కావాలని, ఎవరు ఎక్కడ పనిచేస్తారో, ఎప్పుడు వదులుతారో వరసగా చెప్పింది. ఒక్క ముక్క సొంతంగా కలపలేదు. ఛైర్మన్ నవ్వుతూ, "మీరు గృహిణి, చిన్నపిల్లల తల్లి. మీకు ఆరే సుఖం కదా?" అన్నాడు.

"సుఖమే సర్. అది నా ఇంటి సంగతి."

"మీ అభిప్రాయం కూడా మాకు ముఖ్యమేనమ్మా."

"నా అభిప్రాయం క్లాసులో చెప్పి ఓడిపోయాను సర్. ఇక్కడ మళ్లీ గెలిపించుకోవడానికి రాలేదు."

ఒక కంపెనీ డైరెక్టరు ఉండేవాడు, టై కట్టుకున్న విసుగు. "అలాంటప్పుడు ప్రతినిధి దేనికి? పోస్ట్‌మ్యాన్ చాలుగా," అన్నాడు.

"పోస్ట్‌మ్యాన్ ఉత్తరం మార్చి రాయడు సర్. అంత చేస్తే చాలు," అంది.

నేనిక ఆగలేకపోయాను. ఏడున్నరైతే ఈ పిల్ల చదువు మానేస్తుందయ్యా అని చెప్పబోయి నోరు తెరిచాను. బల్ల కింద ఆవిడ నా కాలు తొక్కింది. సున్నితంగా కూడా కాదు. నోరు మూసుకుని, ఓటింగులో ఏడున్నరకు చెయ్యెత్తాను. వాదన అటువైపే సరిగ్గా ఉంది మరి. ఒక్క చెయ్యి తేడాతో ఏడున్నర నిలిచింది.

తిరుగు రైల్లో నిలబడే వచ్చాం. "బుద్ధుందా నీకు? ఒక్క మాట అంటే నీ చదువు నిలిచేది," అన్నాను.

"కుర్సీ క్లాసుది ఆంటీ. నేను కూసున్న, అంతే." పట్టుకున్న కమ్మీ వంక చూసి, "ఏడుద్దామంటే సీటు గూడ దొరకలే," అంది. జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారాక సీటు దొరికింది. అప్పుడు ఏడ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

టర్మ్ ఆఖరున చదువు మానేసింది. విద్యార్థి కాదు కనుక పదవీ పోయింది. పేరు మాత్రం మిగిలింది. మరి కొంతకాలానికి ఆ కంప్యూటర్ల వెర్రి వదిలి కంపెనీలు మూతపడ్డప్పుడు డిప్లొమా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే క్యూలో నిలబడ్డారు, తరువాత కాలేజీ కూడా మూతపడింది. కనుక ఆవిడ పోగొట్టుకున్నది పెద్దదేమీ కాదని ఎవరైనా అనవచ్చు. నేను అనను. ఆవిడకు కావలసింది ఉద్యోగం కాదు. మొదలుపెట్టిన చదువు ఒక్కటైనా పూర్తి చేయడం. అది జరగలేదు. దానికి ఓదార్పు వెతకవద్దని ఆవిడే ఒకసారి నాతో అంది: "నష్టం నష్టమే ఆంటీ. దానికి జరీ అంచు కుట్టకున్రి."

బ్లాకులో పిల్లలు కొట్టుకుని తీర్పుకు వెళితే, ఆవిడది ఒకటే పద్ధతి. "నీ మాట తర్వాత. ముందుగాల వాడేమంటున్నడో నువ్వు చెప్పు." మా మనవరాలు కాలు నేలకేసి కొట్టేది. "నాట్ ఫెయిర్ లా ఆంటీ, వాడిది నేనెందుకు చెప్పాలి?" "వానికి నచ్చేటట్టు చెప్తేనే నీది ఇంట." సగం తగవులు అక్కడే చల్లారేవి. మిగిలిన సగం మా ఇంటికొచ్చేవి. నేను ఇద్దరినీ తిట్టి పంపేదాన్ని. రెండు పద్ధతులకూ ఫలితం ఇంచుమించు ఒకటేనని నా వాదన. ఆవిడ ఒప్పుకోలేదు.

ఆవిడను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది, చదువు మానేసిన కొత్తలో ఒక ఆదివారం. మార్కెట్ నుంచి వస్తుంటే, బ్లాకు కింద రాతిబల్ల దగ్గర ఆవిడ, ఎదురుగా ఒక కర్నూలు అమ్మాయి. ఈవిడ స్థానంలో క్లాసు ఎన్నుకున్న కొత్త ప్రతినిధి. "నాకు గుండె దడదడ కొట్టుకుంటాది అక్కా, నోరు పెగల్దు," అంటోంది. ఈవిడ నన్ను చూసి, "ఆంటీ, మంచిగ దొరికిన్రు. బోర్డు మెంబర్ లెక్క కూసోని జర కునుకు తీయున్రి," అంది. అలవాటైన పనే కనుక కూర్చున్నాను.

ఆవిడ ఛైర్మన్ అయింది. గొంతు సవరించి, వాచీ చూసుకుని, "ఎనీ కామెంట్స్ ఫ్రమ్ ద స్టూడెంట్? నో? గుడ్," అంటూ చంకలో సంచీతో లేచి గబగబా లిఫ్టులోకి నడిచింది. ఆ అమ్మాయి నోరు తెరిచేలోగా తలుపులు మూసుకున్నాయి. లిఫ్టు పైకి పోయి దిగివచ్చింది. "మల్ల," అంది ఈవిడ. మళ్లీ అదే. నేను కునుకు నటిస్తూ ఒక కన్నుతో చూస్తున్నాను. ఇంకోసారి తలుపులు మూసుకోబోతుండగా ఆ అమ్మాయి పరుగున వెళ్లి మధ్యలో చెయ్యి పెట్టింది.

"సార్, ఆగండి. నేను చెప్పాల."

తలుపులు విడివడ్డాయి. ఈవిడ నవ్వలేదు. ఛైర్మన్ మొహం అలాగే ఉంచి, తలుపులు మూసుకోకుండా బటన్ మీద వేలు నొక్కి పెట్టి, ఆ అమ్మాయి చెప్పేది వినడానికి నిలబడింది.