రెండో ముడి దగ్గర ఆగిన పెళ్లి

హిందూపురంలో పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపులో పనిచేసే రోజుల్లో నాకు పొగరు కాస్త ఎక్కువే. షాపులో రెండు కంప్యూటర్లు. ఒకదాంట్లో క్యాసెట్ ఎక్కించేవాళ్లం, ఇంకోదాంట్లో మిక్సింగ్ చేసేవాళ్లం. ఫైళ్లు దాచడానికి ఒక పాత కంప్యూటర్ డబ్బాలో విండోస్ బదులు లినక్స్ వేసి, పెద్ద డిస్కు తగిలించి, ఆ రెండింటికీ వైరుతో కలిపింది నేనే. ఊళ్లో ఇలాంటిది ఇంకెవరి దగ్గరా లేదని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేదాన్ని.

మా కెమెరామన్ పెద్దాయన. బ్యాటరీ కోసమని, కాఫీ కోసమని మాటిమాటికీ కెమెరా ఆపేవాడు. ఆపిన చోటల్లా కంప్యూటర్ కొత్త ఫైలు మొదలుపెడుతుంది కాబట్టి మాకెప్పుడూ చిన్న ఫైళ్లే వచ్చేవి. ధర్మవరంలో ఒక పెళ్లికి మాత్రం, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా కెమెరా ఆపొద్దని పెళ్లికూతురి తరపువాళ్లు గట్టిగా చెప్పారు. ముహూర్తం మధ్యలో తెగితే మంచిది కాదట. ఆయన ఆపలేదు. అరగంట ముహూర్తం ఒకే ఫైలుగా వచ్చింది.

దాన్ని డబ్బాలోకి పంపుతుంటే ఏదో మెసేజ్ వచ్చింది. రోజూ వచ్చేవాటిలో ఇదొకటిలే అనుకుని చదవకుండానే ఓకే నొక్కాను. చోటు కావాలని మొదటి కంప్యూటర్లో ఉన్న ఫైలు చెరిపేశాను కూడా.

మర్నాడు పొద్దున్నే పెళ్లికూతురి నాయన వచ్చాడు.

“ముహూర్తం ఒక్కటి సీడీలో ఎక్కించియ్యి మ్మా. మా యమ్మకు బాగలేక పెండ్లికి రాలేకపోయె. రేపు పుట్టపర్తికి పిల్చుకపోవాల, గుండె ఆపరేషను. మనవరాలికి మూడు ముళ్లు పడింది చూడందే యాడికీ రానంటాంది.”

ఆయన ఎదుటే ఫైలు నడిపాను. పెళ్లికొడుకు ఒక ముడి వేశాడు. రెండోది వేశాడు. అంతే, తెర నల్లబడింది.

“ఏమ్మా, మా పాపకు మూడో ముడి పళ్లేదా?” అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఇక మిగిలింది క్యాసెట్ ఒక్కటే. ఫైలు దాచాక ఆ క్యాసెట్‌నే ఇంకో పెళ్లికి వాడటం మా షాపు పద్ధతి. ఆ క్యాసెట్ తీసుకుని కెమెరామన్ అప్పటికే పెనుకొండలో ఒక పెళ్లికి వెళ్లిపోయాడు. కల్యాణమండపానికి ఫోన్ చేసి, మేళం మోతలో గొంతు చించుకుని, దాని మీద ఏమీ తీయొద్దని అరిచాను.

“యాల అరుస్తావు పాపా? ఆ పెండ్లోళ్లు చూసుకోని బాగుండాది అనేదాకా ముహూర్తం క్యాసెట్ మీద ఇంగో పెండ్లి ఎక్కిస్తానా? నా జోబులోనే ఉండాది. బస్సు కండక్టరుకు ఇచ్చి పంపిస్తాలే,” అన్నాడాయన.

క్యాసెట్ వచ్చేలోపు తప్పు ఎక్కడుందో వెతికాను. ఎలుకలు కొరికాయేమోనని ముందు వైరు మార్చాను. డిస్కు నిండిందా అంటే సగం ఖాళీ. చివరికి తెగిన ఫైలు సైజు చూశాను. సరిగ్గా రెండు జీబీ. ఏ ఎలుకైనా ఇంత కొలిచి కొరుకుతుందా? డబ్బాతో కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి పాతది. రెండు జీబీ దాటితే దానికి లెక్క అందదు. ఆ పాత వెర్షన్‌ను పెట్టింది కూడా నేనే. సెట్టింగులో కొత్తది పెట్టి, మూడు జీబీల ఉత్త ఫైలొకటి తయారుచేసి పంపాను. తెగకుండా వెళ్లింది. కుర్చీలోంచి లేచి ఒక గంతు వేశాను.

మధ్యాహ్నం క్యాసెట్ వచ్చింది. ఈసారి ఎక్కిస్తూ ప్రతి మెసేజూ చదివాను. మూడో ముడి పడగానే, పొద్దుట్నుంచీ షాపులోనే కూర్చున్న పెళ్లికూతురి నాయన చప్పట్లు కొట్టాడు. సాయంత్రం రైలుకు సీడీ తీసుకుని ధర్మవరం వెళ్లాడు. ఆ రాత్రి అవ్వ చూసిందట, మూడో ముడి దగ్గర మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పించుకుని మరీ. పొద్దున్నే పేచీ పెట్టకుండా బయల్దేరిందట.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండు నెలల తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని అవ్వ మా షాపు మెట్లెక్కింది.

“మూడో ముడి చూపించిన పాపవు నువ్వేనా?” అని నా గడ్డం పట్టుకుంది.

“నేను కాదవ్వా. నేను చెరిపేసినాను. కాపాడింది ఆయన,” అని కెమెరామన్‌ను చూపించాను. ఆ మాట నా నోట అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు.